పోస్టరు మీద ఒక్క పేరు

(స్వర్ణోత్సవ సభలో 1985 పదో తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగం)

నలభై ఏళ్ల తరవాత కూడా వెతుక్కుని మరీ వెనక బెంచీల్లోనే కూర్చున్న మా బ్యాచ్ వాళ్లకి ప్రత్యేక నమస్కారం.

కమిటీ వాళ్లు నాకు పావుగంట ఇచ్చారు. "ఏ విషయమైనా మాట్లాడండి గానీ కరెంటు గురించి మాత్రం వద్దు" అన్నారు. నేను థర్మల్ స్టేషన్లో ముప్పై నాలుగేళ్లుగా టర్బైన్ల మరమ్మతు చూస్తున్న ఇంజనీర్ని. కరెంటు వద్దంటే నా దగ్గర మిగిలేది పాటలే. అవి కూడా మీరు వినే పాటలు కావు. కాబట్టి ఈ పావుగంట కాస్త ఓర్చుకోవాలి.

నేను చెప్పబోయేది ఓజీ గురించి. అదిగో, ఆ మూల పిల్లలు ఈల వేశారు. బాబూ, మీరనుకునే ఓజీ కాదు. మొన్న సెప్టెంబరులో వచ్చిన పవన్ కల్యాణ్ సినిమాకీ ఈయనకీ ఏ సంబంధమూ లేదు. ఈయన ఓజీ ఆస్బోర్న్, ఇంగ్లండు వాడు. హెవీ మెటల్ అనే సంగీతంలో గాయకుడు. ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములు చెవులు గింగురుమనేలా మోగుతుంటే వాటిని దాటి వినపడేలా పాడాలి. పోయినేడాది జులై 22న, 76 ఏళ్ల వయసులో పోయాడు.

నాకీయన ఇంజనీరింగ్ హాస్టల్లో పరిచయం. 1989లో నా రూమ్మేటు షిల్లాంగ్ కుర్రాడు. వాడి దగ్గర ఒక కాపీ క్యాసెట్ ఉండేది. పైన పెన్సిల్‌తో 'బ్లిజర్డ్ ఆఫ్ ఓజ్' అని రాసుండేది. మొదటిసారి విన్నప్పుడు మా ఊరి రైస్ మిల్లు గుర్తొచ్చింది. పదోసారికి ఆ మోతలో ఒక్కో వాయిద్యం విడివిడిగా వినపడటం మొదలైంది. ఆ తరవాత దాన్ని వదల్లేదు.

ఆయన గురించి లోకానికి తెలిసిన ముక్క ఒకటే. 1982లో అమెరికాలోని డెమోయిన్‌లో కచేరీ చేస్తుంటే ప్రేక్షకుల్లోంచి ఎవరో గబ్బిలాన్ని విసిరారు. రబ్బరు బొమ్మ అనుకుని నోట్లో పెట్టుకుని కొరికాడు. అది నిజం గబ్బిలం. ఆ ముచ్చట అక్కడితో వదిలేద్దాం. నేను చెప్పదలచుకున్నది ఆయన వెనక నిలబడి వాయించినవాళ్ల గురించి.

ముందు బడి ముచ్చట. ఈయన 1948లో పుట్టి, బర్మింగ్‌హాంలోని ఆస్టన్‌లో పెరిగాడు. మన ఆటోనగర్ లాగా ఫ్యాక్టరీల మధ్య కూలినాలి చేసుకునేవాళ్ల పేట. ఆరుగురు పిల్లల్లో ఒకడు. అక్షరాలు తారుమారుగా కనపడే డిస్లెక్సియా ఉంది. దాన్ని గుర్తుపట్టే రోజులు కావవి. మొద్దు అన్నారు. 15 ఏళ్లకే బడి మానేశాడు. ప్లంబర్ దగ్గర సహాయకుడిగా, కార్ల హారన్లు శ్రుతి చేసే ఫ్యాక్టరీలో, కబేళాలో పనిచేశాడు. దొంగతనం చేసి పట్టుబడి, జరిమానా కట్టలేక కొన్ని వారాలు జైల్లో కూడా ఉన్నాడు.

అదే బడిలో ఆయనకన్నా కాస్త పెద్దవాడు టోనీ అయోమీ. బడిలో వీళ్లిద్దరికీ పొసగలేదు. ఈ అయోమీ కథ ఇంజనీర్లు వినాలి. 17 ఏళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో, ఉద్యోగం మానేస్తున్న ఆఖరి రోజున, మిషన్లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం కాబట్టి గిటార్ తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి, వేళ్ల కొసలకి తొడుగులు చేసుకుని, వాటికి తోలు అతికించుకుని మళ్లీ వాయించాడు. గట్టి తీగలు నొక్కలేక సన్న తీగలు కట్టాడు. తరవాత తరవాత వాటిని వదులు చేసి కింది శ్రుతిలో వాయించాడు. హెవీ మెటల్‌కి ఆ బరువైన ధ్వని రావడానికి ఆ తెగిన వేళ్లు కూడా ఒక కారణం.

కొన్నాళ్లకి ఓజీ ఒక మ్యూజిక్ షాపులో చీటీ పెట్టించాడు, పాడటానికి అవకాశం కావాలి, సొంత మైకు సెట్టు ఉంది అని. చీటీ చూసి వెతుక్కుంటూ వెళ్లిన అయోమీ, ఎదుటి మనిషి తన బడివాడే అని చూసి వెనక్కి వెళ్లిపోదామనుకున్నాడట. చివరికి 1968లో గీజర్ బట్లర్, బిల్ వార్డ్ అనే ఇంకో ఇద్దరితో కలిసి నలుగురూ ఒక బృందం కట్టారు. అదే 'బ్లాక్ సబాత్'. పదేళ్లు లోకాన్ని ఊపేశారు. 1979లో తాగుడు, మత్తుమందులు మితిమీరాయని ఓజీని మిగతా ముగ్గురూ పంపేశారు. ఆయన లాస్ ఏంజిలిస్‌లో హోటల్ గదిలో తలుపులేసుకుని కూర్చున్నాడు. అప్పుడు 30 ఏళ్లు. తన పని అయిపోయిందనుకున్నాడు.

ఆ గదిలోంచి ఆయన్ని లేపింది షారన్, వాళ్ల మేనేజరు కూతురు. తరవాత ఆయన భార్య. సొంతంగా బృందం కట్టమంది. కానీ గాయకుడు ఒక్కడే ఏం చేస్తాడు? ఆయనకి గిటార్ రాదు, రాసే అలవాటు తక్కువ. మనుషులు కావాలి.

దొరికిన మనుషులు ఎవరో చూడండి. గిటారుకి రాండీ రోడ్స్, 20 ఏళ్లు దాటిన కుర్రాడు. వాళ్లమ్మకి లాస్ ఏంజిలిస్‌లో సంగీతం బడి ఉంది. అందులో పిల్లలకి గిటారు నేర్పే మాస్టారు ఇతను. ఊరూరా తిరిగి పేరు తెచ్చుకున్నాక కూడా, ఏ ఊరెళ్తే ఆ ఊళ్లో శాస్త్రీయ గిటారు గురువుని వెతుక్కుని పాఠం చెప్పించుకునేవాడు. బేస్ గిటారుకి ఆస్ట్రేలియా వాడు బాబ్ డైస్లీ. పాటల మాటలు చాలావరకు రాసింది ఈయనే. డ్రమ్ములకి లీ కెర్స్‌లేక్. 1980లో ఆ ఆల్బమ్ వచ్చింది. నా రూమ్మేటు క్యాసెట్టు అదే.

బృందం పేరే 'బ్లిజర్డ్ ఆఫ్ ఓజ్' అనీ, నలుగురిదీ సమాన భాగమనీ తాము అనుకున్నామని డైస్లీ చాలాసార్లు చెప్పాడు. అట్ట అచ్చయి వచ్చాక చూస్తే పెద్ద అక్షరాల్లో ఒక్కటే పేరు, ఓజీ ఆస్బోర్న్.

మనకిది కొత్త కాదు. బుర్రకథ దళానికి కథకుడి పేరే పెడతాం. అటూ ఇటూ గుమ్మెట కొట్టే వంతల పేర్లు ఎవరికి గుర్తు? ఆ వంతలు 'తందాన తాన' అనకపోతే కథ ఒక్క అడుగు కదలదు. పద్యనాటకంలో ఇంకో రకం. మన తిరునాళ్లలో 'రాయబారం' ఆడితే పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారం సీనుకి మరో కృష్ణుడు. వేషం ఒకటే, మనుషులు మారతారు. హార్మోనియం మాస్టారు మాత్రం తెల్లవార్లూ ఆయనొక్కడే. ఓజీ దగ్గర తిరగేసిన పద్ధతి. కృష్ణుడు నలభై ఐదేళ్లూ ఆయనే, హార్మోనియం మాస్టార్లు మారుతూ పోయారు.

రెండో ఆల్బమ్ 'డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్'. అందులో వాయించింది కూడా డైస్లీ, కెర్స్‌లేక్‌లే. అది 1981 చివర్లో బజారుకొచ్చే లోపల ఇద్దర్నీ తీసేశారు. అట్ట మీద వాళ్ల బదులు కొత్తగా చేరిన రూడీ సార్జో, టామీ ఆల్డ్రిడ్జ్‌ల ఫొటోలు, పేర్లు వేశారు. వాయించింది ఒకళ్లు, బొమ్మ ఇంకొకళ్లది. సార్జో, ఆల్డ్రిడ్జ్ తక్కువవాళ్లు కారు. ఆ కొత్తవాళ్లే అమెరికా అంతా తిరిగి ఆ పాటల్ని నిలబెట్టారు. కానీ ఆ రికార్డులో వినపడే చేతులు వాళ్లవి కావు.

1982 మార్చి 19. ఫ్లోరిడాలో లీస్‌బర్గ్ అనే ఊరి దగ్గర బస్సు ఆగింది. అక్కడో చిన్న విమానం ఉంది. బస్సు డ్రైవరుకి విమానం నడపటం వచ్చు. సరదాకి ఎక్కించాడు. రెక్క బస్సుకి తగిలి విమానం కూలిపోయింది. డ్రైవరు, రాండీ రోడ్స్, రేచల్ యంగ్‌బ్లడ్ ముగ్గురూ పోయారు. రాండీకి 25 ఏళ్లు. ఆయన పేరుతో పుస్తకాలొచ్చాయి, అభిమానులు ఏటా సమాధి దగ్గరికి వెళ్తారు. రేచల్ యంగ్‌బ్లడ్ ఎవరు? ఆ బృందానికి బట్టలు కుట్టి, జుట్టు, మేకప్పు చూసే మనిషి. ఆవిడ పేరు నాకు పాతికేళ్ల తరవాత గానీ తెలియలేదు. తెలుసుకోవాలని నేనూ అనుకోలేదు.

రెండు వారాలైనా గడవకుండా, ఏప్రిల్ 1న, మళ్లీ కచేరీ మొదలుపెట్టారు. ఆగితే ఓజీ మళ్లీ ఆ హోటల్ గదిలోకే వెళ్లిపోతాడని షారన్ భయం. రాండీ స్థానంలోకి రావడానికి ఎవరికి ధైర్యముంటుంది? బర్నీ టోర్మే అనే ఐర్లండు గిటారిస్టు వచ్చాడు. కొద్దిరోజుల్లో పాటలు నేర్చుకుని, అభిమానులు ఏడుస్తున్న వేదికల మీద నిలబడి వాయించి, ఆ గండం గట్టెక్కించి కొన్ని వారాల్లో వెళ్లిపోయాడు. తరవాత బ్రాడ్ గిలిస్ వచ్చి మిగతా యాత్ర పూర్తిచేశాడు. మన బడి భాషలో చెప్పాలంటే వీళ్లు లీవ్ వేకెన్సీలో వచ్చినవాళ్లు. మాకు తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారు జబ్బు పడితే నాలుగు నెలల కోసం ఒకాయన వచ్చారు. త్రికోణమితి నాకు బుర్రకెక్కింది ఆ నాలుగు నెలల్లోనే. ఆయన ఏ ఊరు నుంచి వచ్చారో, ఏ ఊరు వెళ్లారో మాలో ఎవరమూ అడగలేదు.

తరవాత జాబితా పెద్దది. జేక్ ఈ. లీ వచ్చాడు. 'బార్క్ ఎట్ ద మూన్' ఆల్బమ్ మీద పాటలన్నీ ఓజీ రాసినట్టే ఉంటుంది. తానూ రాశాననీ, కాగితాల మీద సంతకం పెట్టక తప్పలేదనీ జేక్ తరవాత చెప్పాడు. 1987లో న్యూజెర్సీ నుంచి జాక్ వైల్డ్, 20 ఏళ్లవాడు వచ్చాడు. వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు, మళ్లీ వచ్చాడు, చివరి కచేరీలో కూడా పక్కనే ఉన్నాడు. తీసేసిన డైస్లీనే మళ్లీ మళ్లీ పిలిచి రాయించుకున్నారు, వాయించుకున్నారు. 2003లో ఓజీ దగ్గర బేస్ వాయించే రాబర్ట్ ట్రుహీయో 'మెటాలికా' అనే బృందంలోకి వెళ్తే, మెటాలికాలో అంతకుముందు బేస్ వాయించి మానేసిన జేసన్ న్యూస్టెడ్ ఓజీ దగ్గరకొచ్చాడు. ఉపాధ్యాయులందరికీ తెలిసిన మాటలో చెప్తే మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్.

అభిమానులు కూడా అచ్చం మనలాగే. ఒకడు రాండీ కాలం అంటాడు, ఒకడు జేక్ కాలం అంటాడు, ఒకడు జాక్ వైల్డ్ కాలం అంటాడు. తను పదహారేళ్లప్పుడు విన్న బృందమే అసలు బృందం. పొద్దున్నుంచీ ఇక్కడ జరుగుతున్న గొడవ అదే కదా! 78 బ్యాచ్ వాళ్లు తమ హెడ్మాస్టారి కాలమే స్వర్ణయుగం అంటున్నారు, మేం మాదంటున్నాం, 96 వాళ్లు కొట్లాటకి దిగుతున్నారు. బడి పేరు మారలేదు. లోపల మనుషులు ప్రతి అయిదారేళ్లకీ మారిపోయారు. గేటు మీద ఉన్న పేరు ఒకటే కాబట్టి మనందరం ఒకే బడిలో చదివాం అనుకుంటున్నాం.

ఇక నన్ను ఈ కథలోకి లాగిన సంగతి. 2003 ప్రాంతంలో, జీతం కాస్త పెరిగాక, హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆ పాత ఆల్బమ్ సీడీ కొత్తది కనపడితే కొన్నాను. ఇంటికొచ్చి పెట్టాను. పాట అదే, గొంతు అదే, రాండీ గిటారు అదే. ఏదో తేడాగా ఉంది. మా పనిలో చెవి ముఖ్యం. బేరింగ్ మారిస్తే టర్బైన్ గొంతు మారుతుంది, మీటరు చూడకుండానే చెప్పగలం. సీడీ ప్లేయరు పాడైందేమోననుకుని రెండుసార్లు తుడిచాను. తరవాత తెలిసింది. డబ్బుల విషయంలో డైస్లీ, కెర్స్‌లేక్ కోర్టుకి వెళ్లారు. తగాదా ముదిరింది. 2002లో ఆ రెండు ఆల్బమ్‌లూ మళ్లీ విడుదల చేసినప్పుడు వాళ్లిద్దరూ వాయించిన బేస్, డ్రమ్స్ తుడిచేసి, ఆ జాగాలో ట్రుహీయో చేత, మైక్ బోర్డిన్ అనే డ్రమ్మర్ చేత కొత్తగా వాయించి కలిపారు. పేరు తీసేయడం కాదు, చేసిన పనినే తీసేశారు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో కాసేపట్లో చెప్తాను.

అభిమానులు ఊరుకోలేదు. మాకు పాతదే కావాలన్నారు. 2011లో మళ్లీ విడుదల చేసినప్పుడు అసలు వాద్యాన్ని తిరిగి పెట్టారు. కోర్టులో మాత్రం వాళ్లిద్దరూ గెలవలేదు. లీ కెర్స్‌లేక్‌కి క్యాన్సర్ వచ్చింది. చివరి రోజుల్లో ఆయన అడిగింది డబ్బు కాదు. అమెరికాలో పది లక్షల కాపీలు అమ్ముడైతే గోడకి తగిలించుకునే ప్లాటినం డిస్కు ఇస్తారు. ఆ రెండు ఆల్బమ్‌ల డిస్కులూ తన గోడ మీద ఉండాలని అడిగాడు. వాళ్లు పంపించారు. ఆయన సంతోషించాడు. 2020 సెప్టెంబరులో పోయాడు. వాయించిన దాదాపు నలభై ఏళ్లకి గోడ మీదకొచ్చిన డిస్కు!

ఓజీ చెడ్డవాడని చెప్పటానికి ఇదంతా చెప్పలేదు. ఎవరికీ తెలియని కుర్రాళ్లని నిలబెట్టి లోకానికి చూపించాడు. రాండీ పేరు బతికున్నన్నాళ్లూ తలుచుకున్నాడు, 1987లో ఆయన స్మృతికి ఒక ఆల్బమే అంకితం చేశాడు. అయినా చూడండి, గిటారు కుర్రాణ్ణి తలుచుకున్నంతగా డ్రమ్ములాయన్ని తలుచుకోలేదు. మనమూ అంతే. హెడ్మాస్టార్లు గుర్తుంటారు, స్కూల్ ఫస్టులు గుర్తుంటారు.

పోయినేడాది జులై 5న ఆయన చివరి కచేరీ, పెరిగిన ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ అనే ఫుట్‌బాల్ స్టేడియంలో. చిన్నప్పటి ఇల్లు అక్కడికి దగ్గరే. పార్కిన్సన్స్ జబ్బుతో నిలబడలేడు. సింహాసనం లాంటి కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు తన సొంత బృందంతో పాడాడు. తరవాత 1968 నాటి ఆ నలుగురూ, ఓజీ, అయోమీ, బట్లర్, వార్డ్, చాలా ఏళ్ల తరవాత ఒకే వేదిక మీద. జేక్ ఈ. లీ కూడా వచ్చి ఆనాటి కార్యక్రమంలో వాయించాడు. వచ్చిన డబ్బు పిల్లల ఆసుపత్రికి, పార్కిన్సన్స్ పరిశోధనకి, పిల్లల సంరక్షణ కేంద్రానికి. మా అమ్మాయి ఫోన్లో చూపిస్తే చూశాను. పదిహేడు రోజులకి ఆయన పోయాడు. ఎక్కడ మొదలయ్యాడో అక్కడికొచ్చి, ఎవరితో మొదలయ్యాడో వాళ్లతో కలిసి ముగించడం ఎంతమందికి దొరుకుతుంది? మనం ఇవాళ ఇక్కడ చేస్తున్నదీ అదే కదా అనిపించింది. అప్పుడే కమిటీకి ఫోన్ చేసి, మాట్లాడతాను అన్నాను.

ఇప్పుడు నా సంగతి.

1984లో జిల్లా సైన్సు ఎగ్జిబిషన్‌లో మన బడికి మొదటి బహుమతి వచ్చింది. ఆవిరి టర్బైన్ నమూనా. ఆఫీసు గదిలో ఆ షీల్డు ఇప్పటికీ ఉంది, పొద్దున చూసొచ్చాను. దాని మీద ఒక విద్యార్థి పేరుంది. నాది.

ఆ టర్బైన్ నేను చేయలేదు. ఆలోచన సైన్సు మాస్టారిది. చార్టు మీద బొమ్మ నాది. చేసింది మన ల్యాబ్ అటెండర్ గారు. పాలపొడి డబ్బా రేకుని కత్తిరించి, ఒక్కో రెక్కనీ ఒకే కోణంలో వంచి, చక్రానికి మట్టం చూసి అతికింది ఆయన. పాత కిరసనాయిలు స్టవ్ ట్యాంకుని బాయిలరు చేసింది ఆయన. మొదట చక్రం ఊగిసలాడుతుంటే, తేలిగ్గా ఉన్న వైపు చుక్క సీసం వేసి సరిచేశాడు. దాన్ని బ్యాలెన్సింగ్ అంటారని నేను అయిదేళ్ల తరవాత ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నాను. ఆయన ఎంతవరకు చదివాడో నాకు తెలియదు.

ఎగ్జిబిషన్ రోజున ఆ నమూనాని సైకిల్ క్యారియర్ మీద కట్టుకుని, నడిపించుకుంటూ తీసుకొచ్చింది ఆయనే, అదిరితే అతుకులు ఊడతాయని. అధికారులు వచ్చారు. చక్రం గిర్రున తిరుగుతోంది. ఒక పెద్దాయన వంగి చూసి, "ఎవరు చేశారు బాబూ ఇది?" అన్నారు.

"నేనే సార్" అన్నాను.

ఆయన కిటికీ అవతల నిలబడి ఉన్నాడు. వినే ఉంటాడు. సాయంత్రం నమూనాని మళ్లీ క్యారియర్‌కి కడుతూ, "బాగా చెప్పావు బాబూ, భయపడలేదు" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే సంతోషించాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడనిది.

ఆ బహుమతి నన్ను ఇంజనీర్ని చేసింది. ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా ఆ కథే చెప్పాను, తొమ్మిదో తరగతిలోనే టర్బైన్ చేశానని. ఆ సీడీ విన్న రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం ఇది. డ్రమ్ములాయన వాద్యాన్ని తుడిచినవాళ్ల మీద కోపం వచ్చింది. ఆ కోపం తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది.

ఆ తరవాతి నుంచి ఒక్క పని మార్చుకున్నాను. ఓవర్‌హాలింగ్ అయ్యాక రాసే రిపోర్టులో చివర ఒక పేజీ చేర్చాను. షిఫ్టులో ఉన్న ఫిట్టర్లు, వెల్డర్లు, క్రేన్ ఆపరేటరు, కాంట్రాక్టు హెల్పర్లు, అందరి పేర్లూ. పైవాళ్లు మొదట్లో నవ్వారు. తరవాత ఒక లాభం కనపడింది. మూడేళ్లకి అదే మిషన్లో అదే చోట శబ్దం వస్తే, క్రితంసారి ఆ బేరింగ్ బిగించినవాడెవడో ఆ పేజీ చూసి పిలిపించి అడిగాం. అరగంటలో తేలిపోయింది.

కానీ ఇక్కడికొచ్చి ఆయనకి చెప్పాలని మాత్రం నాకు తోచలేదు. సంక్రాంతికి వస్తూనే ఉన్నాను, ఈ బడి ముందు నుంచే వెళ్తూ ఉన్నాను. వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటూ ఉండిపోయాను. ఆయన పోయి పన్నెండేళ్లయిందని మొన్న మన వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరో ఒక ముక్క రాశారు. ఫొటో ఉందా అని అడిగాను. రెండు వందల ముప్పైమంది ఉన్న గ్రూపులో ఒక్కరి దగ్గరా లేదు. మన గ్రూప్ ఫొటోలన్నింటిలో కుర్చీలు వేసింది ఆయనే. కుర్చీలు వేసి పక్కకి తప్పుకున్నాడు.

అందుకని కమిటీ వారికి ఒక విన్నపం. ఈ సంచికలో హెడ్మాస్టార్ల పట్టిక ఉంది, ర్యాంకుల పట్టిక ఉంది, విరాళాల పట్టిక ఉంది. చివర ఒక పేజీ ఇవ్వండి. నాలుగు నెలల కోసం వచ్చి పాఠం చెప్పి వెళ్లినవాళ్లు, అటెండర్లు, గంట కొట్టిన ప్యూన్లు, మంచినీళ్లు పోసిన ఆయాలు, వాచ్‌మన్లు. ఆఫీసులో పాత జీతాల రిజిస్టర్లు ఉన్నాయి, చెదలు తినకముందు చూస్తే పేర్లు దొరుకుతాయి. ఆ పని మా 85 బ్యాచ్ చేస్తుంది. వెనక బెంచీల వాళ్లు తల ఊపుతున్నారు, చూశాను.

ఇంకొకటి. ఆ షీల్డు మీద నా పేరు చెరపమని అడగను. చెరపడం వల్ల ఏం జరుగుతుందో ఇందాక చెప్పాను. పక్కన ఇంకో పేరు చెక్కించండి. ఖర్చు నాది.

ఆయన పేరు ఇప్పుడు ఇక్కడ మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకుంటే అవి మళ్లీ నాకే పడతాయి. అందుకే చెప్పలేదు. ఒక తెల్లకాగితం మీద మొదటి గీత మీద ఆయన పేరు రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. కింద గీతలు ఖాళీగా ఉన్నాయి. భోజనాలకి వెళ్లేటప్పుడు ఆ కాగితం రిజిస్ట్రేషన్ బల్ల మీద ఉంటుంది. మీకు గుర్తున్నవాళ్ల పేర్లు మీరు రాయండి.